నాలుగో గడిలో చుక్క

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే మా చర్చి సెక్రటరీ గారు వచ్చి పక్కన నిలబడ్డారు. కొంపల్లి విల్లాల నుంచి కారు నడుపుకుంటూ వచ్చే ఆవిడ. బ్యాంకులో ఉద్యోగం, చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లు. నా కూతురి వయసు. చర్చి వార్షికోత్సవానికి ఒక పుస్తకం వేస్తున్నారట, వెనకటి తరంలో సేవ చేసినవాళ్ల గురించి తలా ఒక పేజీ. "అంకుల్, మీ పెద్దమ్మ గురించి మీరే రాయాలె. పేపర్ల చేసినోళ్లు, మీకు గిదొక లెక్కనా. జర మనసుకు తాకేటట్టు రాయండి, యూత్‌కు పనికొస్తది" అన్నారు. తల ఊపాను. ముప్పై ఏళ్లు విలేకరిగా తిరిగినవాడికి తల ఊపడం ఊపిరి తీసుకోవడం లాంటిది. ఊపినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని మాకు తెలుసు, అవతలివాళ్లకు తెలియదు.

సుచిత్ర సెంటర్‌లో బస్సు దిగి, మోకాళ్లను బతిమాలుకుంటూ మూడో అంతస్తు ఎక్కేసరికి ఫోనులో ఒక ఫారం వచ్చి కూర్చుంది. పేరు, ఊరు, సేవ చేసిన ప్రాంతం. చివరి గడిలో ఒక ప్రశ్న: ఎంతమందిని ప్రభువు దగ్గరికి నడిపించారు? దాన్ని ఖాళీగా వదిలేసి ముందుకు పోదామంటే పోనివ్వదు. ఇది తప్పనిసరిగా నింపాలి అని ఎర్ర అక్షరాలతో గదమాయిస్తుంది. ఆ గడి నాకు కొత్తది కాదు. ఒకసారి నింపి చూసినవాణ్ని.

మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, మేడ్చల్‌లో మా ఇంటి వెనక వీధిలో ఒక్క గది ఇంట్లో ఉండేది. చిన్న వయసులో భర్త పోతే ఆసుపత్రిలో ఆయాగా చేరి, అక్కడ రిటైరయ్యాక చర్చిలో బైబిలు స్త్రీ అయింది. తెలియనివాళ్ల కోసం చెప్పాలంటే, ఇల్లిల్లూ తిరిగి పలకరించడం, అడిగినవాళ్ల కోసం ప్రార్థన చేయడం, కరపత్రాలు పంచడం ఆ ఉద్యోగం. తెల్ల చీర, నల్ల గొడుగు, జిప్పు చెడిపోయి పిన్నీసుతో మూసుకునే సంచీ. ఆ సంచీలో బైబిలు ఒక్కటే ఉంటుందనుకునేవాళ్లు పొరపడేవాళ్లు. దూది, కట్టుగుడ్డ, అయోడిన్ సీసా, నొప్పుల మందు, రెండు అరటిపండ్లు, వీటన్నిటి కింద ఎక్కడో బైబిలు. "అడుగుకు ఉంటె బరువుకు సంచి నిలబడ్తది బిడ్డా" అనేది. ఆమెను దేవత అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మహా విసుగు మనిషి. ఎండను తిట్టేది, ఆటోవాళ్లను తిట్టేది, పాట పొడుగైతే పాడేవాళ్లను తిట్టేది. తిట్టిన మరుక్షణం "ప్రభువా, క్షమించు" అని చెంపలు వేసుకుని, ఆయన క్షమించాడో లేదో కనుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టేది.

ఆమెకు ఒక్కటే గండం. నెలనెలా చర్చిలో ఇవ్వవలసిన రిపోర్టు. అచ్చు వేసిన కాగితం, నాలుగు గడులు. దర్శించిన ఇండ్లు, చేసిన ప్రార్థనలు, పంచిన కరపత్రాలు, ప్రభువును అంగీకరించినవారు. మొదటి మూడూ పెన్సిలుతో నింపేది. నాలుగోదాంట్లో ఒక చుక్క పెట్టేది. ఖాళీగా వదిలితే మరిచిపోయిందనుకుంటారని చుక్క. చదవలేదని కాదు, చూశానని, చెప్పడానికి ఏమీ లేదని. నేను అప్పట్లో ఒక దినపత్రికకు మేడ్చల్ మండల విలేకరిని. రింగు రోడ్డు పనులు సాగుతున్న రోజులు. పగలంతా దుమ్ములో తిరిగి వార్తలు పంపేవాణ్ని. పొద్దున లేచి చూస్తే నేను పంపిన నాలుగు వాక్యాలు పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్కు వాళ్ల చేతిలో కన్నీళ్లు, గుండెకోతలు అద్దుకుని పద్నాలుగు వాక్యాలై ఉండేవి. మొదట్లో సిగ్గుపడేవాణ్ని. తర్వాత వాళ్లకు శ్రమ ఎందుకని కన్నీళ్లు నేనే వేసి పంపడం నేర్చుకున్నాను.

పెద్దమ్మ తిరిగే ఇళ్లలో ఒకటి శామీర్‌పేటలో, చెరువు కట్ట దిగువన ఉండేది. చేపలు పట్టే కుటుంబం. ఆ ఇంటి ముసలమ్మకు షుగరు, కాలి మడమ దగ్గర పుండు. ఎవరో చెబితే ఒకసారి చూడ్డానికి వెళ్లిన పెద్దమ్మ, ఆసుపత్రి చేతులు ఊరుకోక కట్టు విప్పి కడిగింది. ఆ తర్వాత దినం విడిచి దినం, మేడ్చల్ నుంచి షేరింగ్ ఆటోలో, ఇద్దరు లా కాలేజీ పిల్లల మధ్య ఇరుక్కుని వెళ్లి కట్టు మార్చి రావడం అలవాటైపోయింది. నాకు అటు వార్త పని ఉన్నప్పుడు బండి మీద దింపేవాణ్ని. వాకిట్లో ఆరేసిన వలలు, వాటి మీద పిల్లులు, నీచు వాసనలో కలిసిపోయిన అయోడిన్ వాసన. ముసలమ్మ నోటికి అడ్డూ అదుపూ లేదు. కట్టు విప్పుతుంటే కేకలు పెట్టేది. "ఏందే, నీ దేవుడు నిన్ను గీ కుల్లిన కాళ్లు కడగనీకె పంపిండా? ఇంకేం పని దొరకలేదా ఆయనకు?"

"ఆయనకు మస్తు పనులున్నయి అవ్వా. నాకే ఇంకోటి దొరకలే. కాలు ఇటు పెట్టు."

"జర సల్లగ పొయ్యవే, సంపుతవా?"

"సావు నీ నోరంత తొందరగ వస్తె నాకు గీ ఆటోల తిప్పలెందుకు?"

కోడలు తలుపు దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ ఇంట్లో పెద్దమ్మ బైబిలు తీయగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. తిరుగు దారిలో అడిగితే విసుక్కుంది. "పుండు కడిగేటప్పుడు వాక్యం చెప్తె, పుండు కోసం వచ్చిందా వాక్యం కోసం వచ్చిందా అని ఆమెకు అనుమానం రాదా? అడిగిననాడు చెప్త." ముసలమ్మ ఏనాడూ అడగలేదు.

ఆ సంవత్సరం చినుకుల కాలంలో అయ్యగారు, మా పాస్టరు గారు, పెద్దమ్మను పిలిచి మెల్లగా ఒక మాట చెప్పారు. పై ఆఫీసువాళ్లు రిపోర్టులు తిరగేస్తున్నారని, నాలుగో గడిలో ఏళ్ల తరబడి చుక్కలే ఉన్నాయని, ఇలాగే ఉంటే ఆమె స్థానంలో ఇంకొకరిని పెడతారని. పెద్దమ్మ మా ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది. ఏడవలేదు. చాలా అలిసిపోయినట్టు మాత్రం కనబడింది. "నన్ను తీసేస్తె తీసెయ్యనీ. తిరిగెటందుకు ఒక పేరుండె, గా పేరు పోతది. ఊకె పోతె ఎవరింట్ల రానిస్తరు బిడ్డా?" అంది. ఆ నెల రిపోర్టు, కళ్లు సరిగా కనబడటం లేదని, నన్ను రాసిపెట్టమంది. మూడు గడులకూ లెక్క చెప్పింది. నాలుగోది ఎప్పటిలాగే చుక్క అంది. ఊఁ అన్నాను. ఆమె సంతకం పెట్టి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక నేను ఆ చుక్కను చెరిపి, ఒకటి వేసి, కాగితం వెనక్కి తిప్పి రాశాను. శామీర్‌పేట చెరువు కట్ట దిగువన ఒక వృద్ధురాలు, తన పుండును కడిగిన చేతులలో ప్రభువును చూసి, కన్నీటి ధారలతో ఆయనను అంగీకరించిందని. పది వాక్యాలు. డెస్కువాళ్లు కూడా అంత బాగా రాసి ఉండరు. పెద్దమ్మ ఉద్యోగం నిలబెడుతున్నాననుకున్నాను. ఎవరికి నష్టం? ముసలమ్మ చర్చికి రాదు, పెద్దమ్మ కాగితం చదవదు. వార్త రాసేవాళ్లం అందరం చేసే తప్పే ఇది. ఎవరి గురించి రాస్తున్నామో వాళ్లు చదవరనుకోవడం.

అయ్యగారు ఆ ఆదివారం దాన్ని వేదిక మీద నుంచి మొత్తం చదివి వినిపించారు. హల్లెలూయాలతో రేకుల కప్పు మోగిపోయింది. చాప మీద ఆడవాళ్ల వరుసలో కూర్చున్న పెద్దమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. కోపంగా కాదు. కట్టు విప్పాక పుండు ఎంత లోతుకు పోయిందో చూసే చూపు. బయటికొచ్చాక ఒక్కటే అడిగింది: "ఎందుకు రాసినవురా?" నీ కోసమే అన్నాను. "నా కోసమా" అని గొడుగు తెరుచుకుని నడిచిపోయింది. అయ్యగారితో చెప్పి సరిదిద్దించాలని ఆమె ఆలోచిస్తుండగానే మూడు రోజులు గడిచాయి. ఆ మూడు రోజులు చాలాయి.

మా క్వయిర్‌లో పాడే ఒకాయన శామీర్‌పేట అడ్డాలో ఆటో నడిపేవాడు. మంచి మనిషి, సంతోషం ఆపుకోలేడు. అడ్డాలో ముసలమ్మ పెద్దకొడుకు ఎదురైతే భుజం తట్టి, "మీ అమ్మ మా చర్చిల కలిసిందట గదన్నా, దేవునికి స్తోత్రం" అన్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. సాయంత్రానికల్లా చేపల సొసైటీ మొత్తానికి తెలిసింది. అది మామూలు రోజుల్లో అయితే నాలుగు తిట్లతో పోయేదేమో. పై వారమే చెరువులో పెద్ద వల వేస్తారు. వల దిగే ముందు గంగమ్మకు బోనం ఎత్తాలి. మొదటి బోనం తరతరాలుగా ఆ ముసలమ్మ ఇంటిది. బియ్యం ఆమె చేతితో వండాలి. మతం మారిన ఇంటి బోనం గంగమ్మకు పనికిరాదని, ఈసారి వేరే ఇల్లు ఎత్తుతుందని సొసైటీ పెద్దమనుషులు తేల్చేశారు.

మరునాడు పొద్దున్నే ఆ ఇంటి కోడలు ఆటో కట్టించుకుని మేడ్చల్ వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. పెద్దమ్మ ఇంటి బయటే నిలబడింది, లోపలికి రాలేదు. "అక్కా, నువ్వు మా ఇంటికి రావద్దు. మా అత్త అన్నం ముడ్తలేదు. ఆ బోనం మీదనే బతికింది ఆమె. పుండు కడిగితివని మొక్కినం గాని, గిట్ల మా అత్త పేరు మీ చర్చిల రాసుకుంటవని తెల్వదు" అంది. అది రాసింది నేనని పెద్దమ్మ చెప్పలేదు. కోడలు వెళ్లిపోయాక నా వైపు తిరిగి, "బండి తియ్" అంది.

చెరువు కట్ట మీద సొసైటీ వాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు, వలలకు సీసపు గుండ్లు సరిచూసుకుంటూ. పెద్దమ్మ గొడుగు ముడిచి వాళ్ల మధ్యకు వెళ్లింది. ఆమె సంచీ పట్టుకుని నేను వెనక నిలబడ్డాను. "అయ్యా, మా చర్చిల చదివింది అబద్ధం. అవ్వ ఏం ఒప్పుకోలే. నేను అడగనే లేదు. నా పేరు మీద పోయింది గాబట్టి తప్పు నాది. బోనం ఆమెది, ఆమెకియ్యుండ్రి" అంది.

ఒకతను నవ్వాడు. "గట్లయితె ఎందుకొస్తున్నవమ్మా ఇన్ని రోజులసంది? ఏం లాభం లేకనే?"

"పుండు మానలే గనక వస్తున్న."

ఇంకొకతను, కాస్త పెద్దవాడు, గుండ్లు కింద పెట్టి అడిగాడు. "గీ మాట ఇక్కడ చెప్పుడు సులువె. మీ చర్చిల చెప్తవా?"

"ఆదివారం చెప్త. నమ్మకుంటె వచ్చి గుమ్మం కాడ నిలబడి ఇను."

నేను నోరు తెరవవలసిన చోటు అదే. రాసింది నేను అని రెండు మాటలు. సంచీ పిన్నీసు సరిచేస్తూ నిలబడ్డాను. ఈలోగా ఎవరో వెళ్లి చెప్పినట్టున్నారు, ముసలమ్మ కర్ర పట్టుకుని కుంటుకుంటూ కట్ట ఎక్కి వచ్చింది. "నేనెప్పుడు మారిన్రా? నాకు తెల్వకుంట నేను మారిన్నా? గీ బైబిలామె నా దేవున్ని ఏమన్లే, ఆమె దేవున్ని నేనే రోజు తిడ్తున్న!" అంది. కట్ట మీద నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోనే సగం తగువు తీరిపోయింది.

మిగతా సగం ఆదివారం తీరింది. సాక్ష్యాలు చెప్పే సమయంలో పెద్దమ్మ చాప మీద నుంచి మోకాళ్లు పట్టుకుని లేచింది. అన్నేళ్లలో ఆమె సాక్ష్యానికి లేవడం అదే మొదలు. "పోయిన వారం నా పేరు మీద చదివింది నిజం గాదు. ఆ ముసలమ్మ ఎవరిని ఒప్పుకోలే. నేను పుండు కడిగిన, గంతె. చెరువు కాడికి పోయి, బోనం ఆమెదే అని గూడ చెప్పొచ్చిన. క్షమించుండ్రి" అని కూర్చుంది. ఎవరూ హల్లెలూయా అనలేదు. గుమ్మం దగ్గర, చెప్పుల అవతల, కట్ట మీది పెద్దాయన నిలబడి ఉన్నాడు. నిజంగానే వచ్చాడు. నేను పాటల పుస్తకంలో తలపెట్టుకుని, పాడవలసిన పాట వెతుకుతున్నట్టు నటించాను. బైబిలు స్త్రీ అయ్యుండి గంగమ్మ బోనానికి మాట సాయం చేసి వచ్చిందని బయట గుసగుసలు ఆ పూటే మొదలయ్యాయి. నెల తిరక్కుండా ఆమెకు శాలువా కప్పి, విశ్రాంతి తీసుకోండమ్మా అన్నారు. ఆ నెలే వేరే ఆమె, చురుకైన మనిషి, నాలుగు గడులూ నింపగలిగినామె, పనిలో చేరింది.

శాలువా కప్పిన మరునాడు నేను అయ్యగారి దగ్గరికి వెళ్లి ఆ పది వాక్యాలు నావేనని చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకు చదివేటప్పుడే తెలుసు బాబూ. మీ పెద్దమ్మ కన్నీటి ధారలు అంటుందా?" అన్నారు. మరి ఎందుకు చదివారని అడిగాను. "పైకి నేనూ ఒక ఫారం పంపాలి కదా" అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను గానీ రాలేదు. ఆ గదిలో ఆ వేళ ఇద్దరం ఒకే తప్పు చేసినవాళ్లం, ఇద్దరం అలిసిపోయి ఉన్నాం.

బోనం ముసలమ్మ ఇంటి నుంచే లేచింది. పెద్దకొడుకు మాత్రం పట్టు వదల్లేదు. బోనం దక్కింది సరే, ఆమె మా గడప తొక్కొద్దు అన్నాడు. పెద్దమ్మకు పేరూ పోయింది, గడపా పోయింది. ఇక మానుకుంటుందని నేను అనుకున్నాను, నిజం చెప్పాలంటే మానుకుంటే బాగుండుననీ అనుకున్నాను. ఆ వారమే ముసలమ్మ కట్టు మార్చే పొద్దున కర్ర పట్టుకుని కట్ట మీదికి ఎక్కి, రాయి మీద కూర్చుని కబురంపింది: "ఇంట్లకు రావద్దన్నరు గాని, కట్ట మీదికి రావద్దన్లే గదా? జల్దీ రమ్మనుండ్రి, ఎండ ముదురుతాంది." అప్పటి నుంచి కట్టు మార్చడం చెరువు కట్ట మీద, అందరి కళ్లముందే. జింకల పార్కు చూడ్డానికి వచ్చినవాళ్లు, వల లాగేవాళ్లు, ఆటో అడ్డావాళ్లు చూస్తూ పోయేవాళ్లు. కేకలు, తిట్లు, మళ్లీ తిట్లు. ఏడాది పైన సాగింది. తిరుగు దారిలో పెద్దమ్మ, "ఆ ముసల్ది పోతెగాని నా మోకాళ్లకు సుఖం లేదు" అని, వెంటనే ప్రభువా క్షమించు అని, ఇంటికొచ్చి మర్నాటి కోసం కట్టుగుడ్డలు ఉడకబెట్టేది. ముసలమ్మ ఆ పుండుతోనే పోయింది. మూడేళ్లకు పెద్దమ్మా పోయింది. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ మార్చలేదు.

నిన్న శామీర్‌పేట వెళ్లాను. ఫారం పెట్టిన పోరు. కరీంనగర్ రోడ్డు మలుపులో గొడుగు కింద ఆ ఇంటి కోడలు చేపలు అమ్ముతోంది. తల నెరిసింది. నన్ను చూసి బొచ్చె చేప పొలుసు గీకుతున్న చెయ్యి ఆపింది. "పేపర్ల రాసేటాయనవు గదా? మల్లేమన్న రాస్తున్నవా మా మీద?" ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంతో, చనువు ఎంతో తేల్చుకోలేకపోయాను. ఆ పది వాక్యాలు రాసింది నేనేనని, అప్పుడు చెప్పవలసింది, ఇప్పుడు చెప్పాను.

"తెలుసు" అంది. "పెద్దమ్మ పోయేముందు చెప్పిందా?" అన్నాను. "ఆమెందుకు చెప్తది? కట్ట మీద సంచి పట్టుకొని నిలబడ్డప్పుడు నీ మొఖం సూస్తెనే తెలిసె." మళ్లీ గీకడం మొదలుపెట్టింది. పెద్దమ్మ గురించి ఒక పేజీ రాయమన్నారని, ఏం రాయాలో తోచడం లేదని చెప్పాను. కత్తి పక్కన పెట్టి, చేతులు నీళ్లలో ముంచి, కొంగుకు తుడుచుకుని అంది. "పుండు మానలేదు అని రాయి. మానిందని రాసేవు మల్ల. మానలేదు, అయినా వచ్చింది. గంతె."

ఇంటికొచ్చి ఫోను తీశాను. పేరు, ఊరు, ప్రాంతం నింపాను. చివరి గడిలో ఒక చుక్క పెట్టి చూశాను. ఎర్ర అక్షరాలు మాయమై, ఫారం నోరు మూసుకుని ముందుకు కదిలింది. ఇన్నాళ్లకు పెద్దమ్మ రిపోర్టు ఆమె చెప్పినట్టు పంపాను. సెక్రటరీ గారు రేపు ఫోను చేసి ఇదేంటి అంకుల్ అంటారు, మళ్లీ తల ఊపుతాను. కాలం పోతే అన్నీ మానుతాయంటారు. మానని పుండు దగ్గరికి దినం విడిచి దినం వెళ్లి రావడమే, నేను చూసినంతలో, మనిషికి దొరికిన కాలంలో చేయగలిగిన పని.